గుంటూరులో ‘ఫ్రీ అడాప్షన్’ ల్యాబ్ పిల్ల, 3,500 ముందే పంపమంటున్నారు... నమ్మొచ్చా?

పటమట శ్రావణి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. ఇంట్లో నేను, మావారు, అయిదో తరగతి చదివే బాబు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మా మామగారు. కుక్కపిల్ల కావాలని బాబు రెండేళ్లుగా ప్రాణం తీస్తున్నాడు. షాపులో ల్యాబ్ పిల్ల ధర విన్నాక మావారు మళ్లీ ఆ మాటెత్తలేదు. అందుకని ఒక క్లాసిఫైడ్స్ సైట్లో వెతుకుతుంటే మొన్న ఈ ప్రకటన కనిపించింది.

"ల్యాబ్రడార్ పప్పీ, 45 రోజులు, అన్ని టీకాలూ అయ్యాయి, ఫ్రీ అడాప్షన్, నిజమైన డాగ్ లవర్స్ మాత్రమే. బ్రాడీపేట, గుంటూరు." పచ్చటి లాన్ మీద కూర్చున్న పిల్ల ఫొటోలు నాలుగు. ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను.

వాట్సాప్‌లో మాట్లాడాను. పుణెకు బదిలీ అయిందట, వారంలో వెళ్లిపోవాలట. మాటకు ముందు "సిస్టర్", మాటకు వెనుక "సిస్టర్". గుంటూరు ఎంత దూరం, ఆదివారం మేమే వచ్చి తీసుకుంటాం అన్నాను. వద్దట. ఇంట్లో సామాను సర్దుతున్నారట. బాక్సులో పెట్టి బస్సులో పంపిస్తాడు, నేను బస్టాండులో దించుకోవాలి. బాక్సుకూ, ట్రాన్స్‌పోర్టుకూ కలిపి 3,500 ముందు పంపితే, పిల్ల చేరాక అందులో 3,000 వెనక్కి ఇస్తాడట.

మావారు "పోతే మూడువేలేగా" అంటున్నారు. మామగారు మాత్రం, "ఊరికే ఇచ్చేదానికి ముందే డబ్బులెందుకమ్మా? నా సర్వీసులో బస్సులో కోళ్లను ఎక్కించారు, మేకపిల్లను ఎక్కించారు. పాలు మరవని పిల్లను అట్టపెట్టెలో ఒంటరిగా పంపినవాణ్ణి చూళ్లేదు" అన్నారు.

ఇది మోసమేనా? ఒకవేళ నిజమే అయినా, ఇలా ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర తెచ్చిన కుక్క, చిన్నపిల్లాడున్న ఇంట్లో ఎంతవరకు క్షేమం? మీలో ఎవరైనా ఇలా తెచ్చుకున్నారా?

కానూరు కిషోర్

పంపకండి మేడమ్. నిరుడు నాకు గోల్డెన్ రిట్రీవర్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ముందు బుకింగ్ అని 2,000. తర్వాత ఎండకు పిల్ల తట్టుకోలేదు, ఏసీ బాక్స్ కావాలి అని 4,300. ఆ సాయంత్రం ఇన్సూరెన్స్ కట్టకపోతే బండి కదలదు, ఇది మళ్లీ మీకే వస్తుంది అని 3,500. మొత్తం 9,800 పోయింది. అది చాలక, రిఫండ్ ఇస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. అప్పుడు వెలిగింది. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఉండదు, పిన్ కొట్టామంటే మన అకౌంట్లోంచి పోతున్నట్టే. ఎవరైనా ఇప్పటికే పంపేసి ఉంటే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. నేను రెండు రోజులు ఆలోచించి చేశాను, అప్పటికి ఖాళీ.

మీవాడిని ఒక్క మాట అడగండి. "బ్రాడీపేటలో ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు?" అక్కడ ఉండేవాడికి ఆ రెండంకెలూ నోటి చివర ఉంటాయి. వేరే రాష్ట్రంలో కూర్చుని మ్యాపులో పేరు చూసి పెట్టినవాడు నీళ్లు నములుతాడు.

అరండల్‌పేట జిరాక్సు బాబాయ్

అమ్మా శ్రావణీ, కిషోర్ బాబు డబ్బు సంగతి చెప్పాడు. నీ రెండో ప్రశ్నకు నేను చెబుతాను, కొంచెం పొడుగవుతుంది. నేను ఆన్‌లైన్లో చూసి రెండుసార్లు కుక్కను తెచ్చాను. ఒకటి అయిదో రోజుకు లేదు, రెండోది ఇది టైపు చేస్తుంటే నా కుర్చీ కింద పడుకుని ఉంది.

నాకు గుంటూరు అరండల్‌పేటలో జిరాక్సు, డీటీపీ షాపు. 2021 డిసెంబరులో ఇలాంటి ప్రకటనే చూశాను. ఆ మనిషి దొంగ కాదు, అంటే డబ్బు తీసుకుని మాయం కాలేదు. పిల్లను తెచ్చిచ్చాడు. నామమాత్రపు ఖర్చులని రెండువేలు తీసుకున్నాడు. ఇంటికి వస్తానంటే "మీకెందుకండీ శ్రమ" అని చుట్టుగుంట సెంటర్‌కు రమ్మన్నాడు. రోడ్డు పక్కన బైకు ఆపి, వాటర్ బాటిళ్ల అట్టపెట్టె తెరిచి చూపించాడు. పిల్ల ఓ మూల ముడుచుకుని ఉంది. నా చెయ్యి చూసి లేవలేదు. "బండి మీద వచ్చింది కదండీ, నిద్రపోతోంది" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. కుక్కపిల్ల అనేది కొత్త చెయ్యి కనబడితే నాకడమో కరవడమో అరవడమో ఏదో ఒకటి చేస్తుంది. ఊరికే చూస్తూ పడుకోదు. ఈ ముక్క ఇప్పుడు తెలుసు.

టీకా కార్డు ఇచ్చాడు. రంగురంగుల కార్డు, లోపల టీకా సీసా స్టిక్కరు, పక్కన తేదీ, కింద గజిబిజి సంతకం. చూసి జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం తెచ్చాం. మంగళవారం తిండి మానేసింది. బుధవారం తెల్లారి పసుపు నురగ కక్కింది. మధ్యాహ్నానికి నెత్తుటి విరేచనాలు. ఆ వాసన ఒకసారి చూసినవాళ్లు జన్మలో మరిచిపోరు. తుప్పు పట్టిన ఇనుమూ, కుళ్లిన మాంసమూ కలిసినట్టు ఉంటుంది. డాక్టరు గారు పరీక్ష చేసి పార్వో అన్నారు, కుక్కపిల్లలను పట్టే వైరస్ జబ్బు. పిల్ల నోరు తెరిచి పళ్లు చూసి, "నలభై రోజులని ఎవరు చెప్పారు? అయిదు వారాలు కూడా ఉండవు" అన్నారు. వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడటానికి మూడు నుంచి ఏడు రోజులు పడుతుందట. అంటే దాదాపు అక్కడే పట్టుకుని ఉంటుంది, మా ఇంటికి జబ్బుతోనే వచ్చింది. ముందరి కాలు నా చిటికెన వేలంత ఉంది. దానికి సూది దొరకక మూడుసార్లు పొడిచారు. ఇంట్లో కిటికీ కర్టెన్ కడ్డీకి సెలైన్ సీసా వేలాడదీసి రెండు రాత్రులు నేనూ మా ఆవిడా వంతులు వేసుకుని కూర్చున్నాం. శుక్రవారం పొద్దున్న పోయింది. పేరు కూడా పెట్టలేదు దానికి. మా ఆవిడ ఆదివారం మంచిది కాదు, గురువారం పెడదామంది.

ఆ కార్డు సంగతి. పిల్ల పోయిన వారానికి షాపులో కూర్చుని దాన్ని మళ్లీ తీశాను. ఎందుకో స్టిక్కరు అంచు గోరుతో గీకాను. అంచే లేదు. నున్నగా ఉంది. స్టిక్కరు, సంతకం, తేదీ అన్నీ కలిపి కలర్ ప్రింట్! ముప్పై ఏళ్లుగా రోజూ కాగితాలు పట్టుకునే చేతులమ్మా ఇవి. ఒరిజినల్ ఏది, కాపీ ఏది అని ఊళ్లో వాళ్లు నా దగ్గరికొచ్చి అడుగుతారు. ఆ రోజు రోడ్డు మీద ఒక్కసారి బొటనవేలు ఆనించి ఉంటే తెలిసిపోయేది. పిల్ల మొహం చూస్తూ కార్డు చూడలేదు.

డాక్టరు గారు ఇంకో మాట చెప్పారు. పార్వో వైరస్ ఇంట్లో, మట్టిలో నెలల తరబడి, కొన్నిచోట్ల ఏడాది దాకా బతికి ఉంటుందట. కాబట్టి టీకాలు పూర్తికాని పిల్లను కనీసం ఏడాది ఇంటికి తేవద్దన్నారు. కావాలంటే టీకాలన్నీ అయిన పెద్ద కుక్కను తెచ్చుకోమన్నారు. నా బుర్రలో పెద్ద కుక్క అనే ఆలోచనే లేదు అప్పటిదాకా. పిల్లప్పటి నుంచి పెంచితేనే మన మాట వింటుందని అందరిలాగే నేనూ అనుకునేవాణ్ణి.

మరుసటి వేసవిలో అదే సైట్లో మంగళగిరి నుంచి ఒక ప్రకటన. రెండేళ్ల మగ కుక్క, గోధుమరంగు, జాతి అని ఏమీ లేదు. ఫొటో కూడా సరిగ్గా లేదు, సగం కుక్క, సగం మంచం కోడు. కింద ఒక వాక్యం రాశారు: "టపాకాయలకు భయపడుతుంది, చెప్పులు కొరుకుతుంది." ఆ వాక్యం చూసే ఫోన్ చేశాను. అమ్మేవాడు తన సరుకు మీద చెడు రాయడు కదా.

వాళ్లది మగ్గం ఇల్లు. కొడుక్కి హైదరాబాదులో ఉద్యోగం, అద్దె ఇంటివాళ్లు కుక్క వద్దన్నారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను కుక్కను పెద్దగా చూడలేదు, ఇంటిని చూశాను. నీళ్ల గిన్నె ఎక్కడుంది, అందులో నీళ్లున్నాయా, కట్టేసిన చోట మెడ దగ్గర బొచ్చు ఊడిందా. ముసలావిడ చేతికర్ర నేలకు తాటిస్తూ వచ్చింది, కుక్క బెదరలేదు, పక్కకు జరిగి దారిచ్చింది. కర్ర చూసి ముడుచుకుపోయే కుక్కయితే దెబ్బలు తిన్నదని అనుమానించేవాణ్ణి. పక్కింటి పిల్లాడు వచ్చి చెవి లాగాడు. లేచి వెళ్లి మగ్గం గుంట అవతల పడుకుంది. గుర్రుమనలేదు. చాలనుకున్నాను.

మనవాళ్లలో సామెత ఉంది కదా, పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తెచ్చుకోవాలని. పెళ్లి సంబంధాలకు ఆ సామెత ఎంత పనికొస్తుందో నాకు తెలియదుగానీ కుక్కపిల్లకు అక్షరాలా వర్తిస్తుంది. తల్లి కుక్కను చూపించనివాడి దగ్గర పిల్లను ముట్టుకోవద్దు. పెద్ద కుక్కయితే అది ఉంటున్న ఇంటిని చూడాలి. సెంటర్లో, టోల్‌గేటు దగ్గర, బస్టాండులో చేతులు మారే వ్యవహారం ఏదైనా సరే వద్దు.

మూడుసార్లు వెళ్లాను. రెండోసారి వాళ్లనే అడిగి మా డాక్టరు గారి దగ్గరికి తీసుకొచ్చి చూపించాను, ఖర్చు నాదే. మూడోసారి తేవడానికి. ఈలోపు వాళ్లు కూడా ఒకరోజు చెప్పకుండా మా ఇంటికొచ్చి చూసి వెళ్లారు. పగలు కుక్క దగ్గర ఎవరుంటారు, మేడ మీద పిట్టగోడ ఎంత ఎత్తు, అన్నీ అడిగారు. మా ఆవిడకు కోపమొచ్చింది, "మనకేదో పిల్లనిస్తున్నట్టు!" అని. నాకు మాత్రం నమ్మకం కుదిరింది. ఎవరికి ఇస్తున్నామో పట్టనివాళ్లకు కుక్క మీద ప్రేమ ఏముంటుంది, వదిలించుకుంటే చాలు. డబ్బు ఒక్క రూపాయి తీసుకోలేదు. తెల్ల కాగితం మీద ఫలానా తేదీన ఇచ్చాం, తీసుకున్నాం, ఇప్పటివరకు ఎవరినీ కరవలేదు, నెలలోపు కుదరకపోతే వెనక్కి తీసుకుంటాం అని నేనే టైపు చేసి ఇద్దరం సంతకాలు పెట్టాం.

దాని పేరు పండు. మా ఆవిడ వేరే పేరు పెట్టబోతే పలకలేదు. మొదటి మూడు రాత్రులు గేటు దగ్గరే పడుకుని మంగళగిరి వైపు రోడ్డు చూసింది (మంగళగిరి అటు కాదనుకో, అది వేరే విషయం). వాళ్లిచ్చిన సొట్ట స్టీలు పళ్లెంలో పెడితేనే పెరుగన్నం తినేది. నాలుగో రోజు నా ఎడమ చెప్పు కొరికింది. చెప్పినట్టే.

గన్నవరం వెటర్నరీ

శ్రావణి అక్కా, నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో చివరి సంవత్సరం. బాబాయ్ గారు చెప్పినవాటికి కొన్ని కలుపుతాను.

ఆ ప్రకటనలో "45 రోజులు, అన్ని టీకాలూ అయ్యాయి" అన్న వాక్యమే అబద్ధం. ఆ వయసుకు అన్ని టీకాలూ పూర్తయ్యే అవకాశమే లేదు. పార్వోకూ, డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బుకూ కలిపి వేసే టీకా మొదటి డోసు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పడుతుంది. అక్కడి నుంచి రెండు నుంచి నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తూ పోవాలి. ఇన్నిసార్లు ఎందుకంటే తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం అది టీకాను కూడా పనిచేయనివ్వదు. ఒక్కో పిల్లలో అది ఒక్కో వారంలో తగ్గుతుంది. రేబిస్ టీకా మూడు నెలలు నిండాకే మొదలు, తర్వాత ఏటా.

ఇక వయసు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ‘అడాప్షన్’ అని పేరు పెట్టి ఖర్చుల కింద డబ్బు తీసుకునేది చాలామంది ఇందుకే. ఆ ఎనిమిది వారాలూ తల్లితో, తోబుట్టువులతో ఉంటేనే ఎంత గట్టిగా కొరికితే అవతలివాళ్లకు నొప్పో పిల్ల నేర్చుకుంటుంది. నెలకే విడదీసిన పిల్లలు మా దగ్గరికి ఎక్కువగా వచ్చే కారణాల్లో ఇదొకటి, "ఆటలో కూడా రక్తం వచ్చేలా కొరుకుతోంది డాక్టర్" అని.

వెళ్లినప్పుడు చిగుళ్లు చూడండి, గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే నులిపురుగులో, పిడుదుల జ్వరమో అనుకోవచ్చు. చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో పిడుదుల కోసం వెతకండి, మన వైపు వీటి బెడద ఎక్కువ. పొట్ట మాత్రం ఉబ్బి మిగతా ఒళ్లు ఎండి ఉంటే "బాగా తింటుంది" అంటారు, నమ్మకండి, పురుగులు. కార్డు మీద టీకా బ్యాచ్ నంబరు, డాక్టరు ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ డాక్టరుకు ఒక్క ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇంట్లో పార్వో కేసు వచ్చినవాళ్లు మామూలు ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు, ఒక వంతు బ్లీచ్‌కు ముప్పై వంతుల నీళ్లు కలిపి, నేలను ముందు శుభ్రంగా కడిగాక ఆ నీళ్లతో తుడిచి పది నిమిషాలు ఆరనివ్వకుండా ఉంచాలి.

బాబు ఉన్నాడు కాబట్టి ఇది ముఖ్యం. చరిత్ర తెలియని కుక్క, అది నెల పిల్లయినా సరే, కరిచినా గోరు గీరుకుని రక్తం వచ్చినా సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పావుగంట కడగండి. పసుపు, కారం, సున్నం ఏమీ పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ టీకా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. "పెంపుడు కుక్కే కదా, చూద్దాం" అని ఆగొద్దు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని దాదాపుగా బతికించలేం.

సింగ్‌నగర్ సుబ్బు

అందరూ ల్యాబ్, గోల్డెన్, హస్కీ అంటారేంటండీ. బెజవాడ ఎండలకు మనమే కుక్కల్లా రొప్పుతుంటే హస్కీ దేనికి? 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు మెట్ల మీద మాతో మూడు రోజులు ఉన్న ఊరకుక్క ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ప్రకటన లేదు, ట్రాన్స్‌పోర్టు లేదు, రిఫండ్ లేదు. మీ వీధి చివర కూడా ఒకటి ఉంటుంది, కిందికి దిగి చూడండి.

అరండల్‌పేట జిరాక్సు బాబాయ్

సుబ్బూ, మాట నిజమే, మా పండు కూడా ఊరకుక్కే. కానీ వీధిలోంచి నేరుగా రెండో అంతస్తు ఫ్లాటులోకి తేవడం అందరికీ కుదరదు. లిఫ్టు, తలుపు మూసిన గది, కుక్కర్ కూత, వీటన్నిటికీ దానికి అలవాటు ఉండొద్దూ? ఇంట్లో పెరిగిన కుక్కయితే ఈ అమ్మాయికి సగం పని తగ్గుతుంది.

పటమట శ్రావణి

అందరికీ చాలా థ్యాంక్స్. కిషోర్ గారూ, లైను నంబరు అడిగాను. "బ్రాడీపేట మెయిన్ రోడ్, బస్టాప్ ఎదురుగా సిస్టర్" అన్నాడు. మళ్లీ అడిగితే ఆర్మీ ఐడీ కార్డు ఫొటో పంపాడు, "దేశసేవ చేసేవాణ్ణి నమ్మరా" అని. మా తమ్ముడు ఆ పిల్ల ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెట్టాడు. అదే పిల్ల, అదే లాన్, నాలుగు ఊళ్లలో నాలుగు పేర్లతో ఉంది. బ్లాక్ చేసి, సైట్లో రిపోర్ట్ కొట్టాను. మావారు ఇప్పుడు "నేను ముందే అనుకున్నా" అంటున్నారు.

బాబాయ్ గారూ, మీ పోస్టు మా మామగారికి చదివి వినిపించాను. ఆయన కార్డు దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. ఇప్పుడు తాడేపల్లిలో ఇంకొకటి చూశాం. పెద్దవాళ్లిద్దరూ అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు, నాలుగేళ్ల ఆడ పమేరియన్. రమ్మన్నారు, డబ్బు మాట ఎత్తలేదు, పైగా మీ ఇంట్లో పగలు ఎవరుంటారని ఆవిడే అడిగారు! ఆదివారం వెళ్తున్నాం. ఇంకేమైనా చూడాలా?

అరండల్‌పేట జిరాక్సు బాబాయ్

మొదటిసారి బాబును తీసుకెళ్లొద్దు. వాడు ఒకసారి ఒళ్లో పెట్టుకున్నాడంటే ఆ కుక్కకు మూడు కాళ్లే ఉన్నా నువ్వు కాదనలేవు. మామగారిని తీసుకెళ్లు, పగలు దానితో ఉండేది ఆయనే కదా. అక్కడున్నప్పుడు ఎవరినైనా బయటి నుంచి కాలింగ్ బెల్ కొట్టమను. పమేరియన్ మొరగకుండా ఉండదు, ఎంతసేపటికి ఆపుతుందో చూసుకో, ఫ్లాటు కదా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా, అయితే ఆ కాగితం ఏది, అడుగు. పక్కింటివాళ్లను కూడా ఓ మాట అడుగు, వాళ్లు ఓనర్ల కంటే నిజం చెబుతారు.

ఇంట్లోంచి నీ పాత చీర ఒకటి తీసుకెళ్లి అక్కడ దాని పక్కలో వదిలేసి రా. తెచ్చుకునే రోజు దాని గుడ్డ, దాని పళ్లెం అడిగి తీసుకో. వచ్చాక వారం రోజులు చుట్టాలను పిలవొద్దు. ఒక నెల దాకా గొలుసు లేకుండా బయటికి తియ్యొద్దు. కొత్త చోటు నుంచి కుక్క పారిపోయేది మొదటి రోజుల్లోనే, తాడేపల్లి వెళ్దామని బయల్దేరి వారధి మీద లారీల మధ్యకు వెళ్లిపోతుంది.

పటమట శ్రావణి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. స్నోయీ మా ఇంట్లోనే ఉంది. రెండుసార్లు వెళ్లి చూసి తెచ్చుకున్నాం.

మొదటిరోజు పెద్దావిడ టీకా కార్డు చేతికివ్వగానే మా మామగారు కళ్లజోడు పెట్టుకుని ఒక్కో స్టిక్కరు అంచూ గోరుతో గీకి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఏమీ అనుకోలేదు, "ఇంకోటి ఉంది, ఆ పేజీ కూడా గీకండి అన్నయ్య గారూ" అని తిప్పి చూపించారు. కార్డులో ఉన్న డాక్టరుకు ఫోన్ చేశాం, "ఆ తెల్లదా, గోళ్లు కత్తిరిస్తుంటే నా వేలు కొరికింది, మిగతా అంతా మంచిదే" అన్నారు.

బాబు మొదటి వారం దాని వెనకాలే తిరిగితే మంచం కింద దూరింది. గన్నవరం తమ్ముడు మెసేజ్‌లో చెప్పినట్టు వాడిని నేల మీద కూర్చుని పుస్తకం చదువుకోమన్నాను, దాని వైపు చూడొద్దన్నాను. నాలుగో సాయంత్రం అదే వచ్చి వాడి లెక్కల పుస్తకం మీద కూర్చుంది. హోంవర్క్ ఆ రోజుకు అయిపోయింది.

కుక్కర్ కూతకు ఇంకా ఉలిక్కిపడుతోంది. పగలంతా మామగారి వాలుకుర్చీ కిందే. ఆయన దాన్ని స్నోయమ్మ అంటున్నారు, దానికీ పలుకుతోంది. రోజూ పొద్దున్న ఆరున్నరకు అమెరికా నుంచి ఆవిడ వీడియో కాల్ చేస్తారు. "రామ్మా తల్లీ" అని ఆవిడ గొంతు వినగానే పరుగెత్తుకొచ్చి ఫోన్‌ను వాసన చూసి, దాని వెనక్కి వెళ్లి వెతుకుతుంది. నిన్న ఆవిడ ఏడ్చారు. బాబాయ్ గారూ, ఈ కాల్స్ కొన్నాళ్లు ఆపమని చెప్పాలా, లేక అలవాటవుతుందా? మీ పండు మంగళగిరి వాళ్లను మళ్లీ చూసిందా ఎప్పుడైనా?

అరండల్‌పేట జిరాక్సు బాబాయ్

చూసిందమ్మా. మరుసటి ఏడాది వాళ్లు మంగళగిరి పానకాలస్వామి తిరునాళ్లకు ఊరొచ్చి, పనిలో పనిగా మా షాపుకొచ్చారు. పండు వాళ్ల మీదికెక్కి గంతులేసి, చొక్కాలు తడిపేసి, పది నిమిషాలు గోల చేసింది. వాళ్లు ఆటో ఎక్కుతుంటే రోడ్డు దాకా వెళ్లి నిలబడింది. ఆటో మలుపు తిరిగాక లోపలికొచ్చి నా కుర్చీ కింద పడుకుంది. కాల్స్ ఆపమని చెప్పకు. వీలైతే ఆరున్నరకు కాకుండా దాని తిండి అయ్యాక చేయమను, కడుపు నిండి ఉంటే అంత వెతకదు.